రూతక్క కట్టిన ముడి

మొన్న పొద్దున పక్కింటివాళ్ళు బకెట్టులో లైనింగు గుడ్డ నానేశారు. కొత్త గుడ్డ నీళ్ళు తాగేటప్పుడు ఒక వాసన వస్తుంది. ముందు గంజి వాసన, దాని వెనక కొంచెం పత్తి వాసన, ఇంకా వెనక పాత పెట్టె తెరిచినట్లుండే వాసన. హిందూపురంలో నేనుండే ఈ మేడమీద గదికి వంట వాసనలు వస్తాయి, బస్సుల పొగ వస్తుంది, ఇది రావడం మాత్రం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఎనభై దాటిన మనిషిని, మందులు మింగే పని కూడా మరిచి పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. కుట్టేముందు గుడ్డను నానబెట్టి ఆరేసే ఓపిక ఇప్పుడు ఎంతమంది దర్జీలకు ఉందో తెలియదు. పెనుకొండలో మిషను రూతక్క మాత్రం తడపని గుడ్డకు కత్తెర తగిలించేది కాదు. "కుంచించుకునేదేదో నా చేతిలోనే కుంచించుకోనీ, వాళ్ళ ఒంటిమీదికి పోయినాక గాదు" అనేది. ఆమె గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. నా చదువుకు సర్టిఫికెట్లు ఇచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ చదువును నలుగురికి పనికొచ్చేట్లు చేసింది మాత్రం ఒక్క అక్షరం రాని రూతక్కే.

యాభైలు ముగుస్తున్న రోజుల్లో నేను మిడ్‌వైఫ్ ఉద్యోగం మీద పెనుకొండకు వచ్చాను. మాది ధర్మవరం. నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. అమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మా వీధిలో ఎనిమిదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. తెల్లచీర కట్టుకుని, చేతిపెట్టె పట్టుకుని ప్రసూతి కేంద్రానికి నడుస్తుంటే నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు. అంగడివాళ్ళు "నర్సమ్మ పోతాండాది" అని దారి ఇచ్చేవాళ్ళు. ఆ గర్వం ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అది నాకు రెండో చీరలాగా ఉండేది, అది లేకుండా బయటికి వచ్చేదాన్ని కాదు.

నాకు అద్దెగది దొరికింది రూతక్క ఇంటి పక్కనే. ఆమెకు అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. కాలితో తొక్కే మిషను ఒకటి, గోడకు వేలాడే దారాల గుత్తి ఒకటి, నోటినిండా మాటలు, ఇవీ ఆమె ఆస్తులు. ఆదివారం చర్చికి పోయే పూట తప్ప ఆ మిషను చప్పుడు ఆగేది కాదు. తెల్ల రవికెలు కుట్టించుకుందామని నేను మొదటిసారి పోయినప్పుడు నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టి, వీపుమీద చెయ్యి వేసి, "ఎప్పుడూ ఎడమచేత్తోనేనా ఆ పెట్టె మోసేది?" అంది.

"మీకెట్లా తెలుసు?"

"ఎడమ భుజం కిందికి జారిండాది. ఇంకో ఆర్నెల్లు ఇట్లే మోస్తే రెండు చేతులకూ రెండు కొలతలు కుట్టాల్సొస్తాది. చెయ్యి మార్చుకో నర్సమ్మా."

ఒంటి సంగతి నేను చెప్పాలి గానీ దర్జీ చెప్పడమేమిటని నాకు ఒళ్ళు మండింది. మరునాటినుంచి చెయ్యి మార్చాను, ఆమె చూడకుండా.

రూతక్కకు రాయడం రాదని చెప్పాను కదా. కొలతల పుస్తకం ఉండవలసిన చోట ఆమెకు దారాలు ఉండేవి. మనిషికొక దారం. ఒక కొసనుంచి కొలిచి, చేతి చుట్టు ఎంతో అక్కడ ఒక ముడి, నడుము చుట్టు ఎంతో అక్కడ ఇంకొక ముడి, ఛాతీ చుట్టు ఎంతో అక్కడ మూడోది వేసేది. రెండో కొసకు ఆ మనిషి మొదటిసారి కుట్టించుకున్న గుడ్డ పేలిక కట్టేది. ఆ పేలికే పేరు. ఆ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు దారం తీసి ఒంటికి పట్టి చూసేది. కొలత మారితే పాతముడి విప్పేది కాదు, దాని పక్కన కొత్తముడి వేసేది. బొందు పావడాకు నడుము కొలత ఎందుకక్కా, బొందు బిగించుకుంటే సరిపోదా అని అడిగితే, "బిగించుకునేదానికి నా దగ్గరికెందుకు రావాల, గోనెసంచి కట్టుకోరాదా" అనేది. నూలుదారం తడికి కుంచించుకుపోతుందని విసుక్కుంటుంటే, మా నాయన మగ్గం దగ్గర మిగిలిన పట్టుపోగులు పేని అమ్మ చేత పంపించేవాడు. ఆ గోడ మీద రంగురంగుల దారాలు వేలాడుతుంటే నాకు చూడముచ్చటగా ఉండేది గానీ, అందులో చదవడానికి ఏమైనా ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆమె పనితీరులో ఇంకొకటి ఉండేది. కొలత తీసేటప్పుడు ఎవరినైనా సరే గోడవైపు తిప్పేది, తాను వెనక నిలబడేది. వెనకనుంచే అడిగేది. అన్నం తింటాండావా, నిద్ర పడతాండాదా, ఈ చెయ్యి ఎత్తితే నొప్పా. ఎదురుగా మొహం కనిపించదు కాబట్టి ఆడవాళ్ళు గోడతో చెప్పుకున్నట్లు చెప్పేవాళ్ళు. ఒకసారి ఒక గుమాస్తా భార్య ప్రసూతి కేంద్రానికి వచ్చింది. ఏమైనా ఇబ్బంది ఉందా అని నేను రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని అడిగాను. ఏమీ లేదంది. మరుసటి రోజు అదే మనిషి రూతక్క గోడకు రెండేళ్ళుగా పడుతున్న బాధంతా చెప్పుకుంది. పక్కగదిలో ఉన్న నాకు వినపడింది. నాకు తల కొట్టేసినట్లయింది. సిగ్గుపడవలసిన చోట కోపం తెచ్చుకోవడం నాకు అప్పట్లో బాగా అలవాటు. రూతక్కకు ఊళ్ళోవాళ్ళ సంగతులు కావాలి, అందుకే గుచ్చి గుచ్చి అడుగుతుందని అనుకుని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

అమ్మ రెండు మూడు నెలలకొకసారి పాసింజరు ఎక్కి పెనుకొండకు వచ్చేది. బొరుగులు, బెల్లంపాకం పట్టిన చెనిక్కాయల ఉండలు మూటకట్టుకుని వచ్చి, నా గదిలో మూట పెట్టి, వెంటనే రూతక్క దగ్గరికి పోయి కూర్చునేది. ఇద్దరికీ వయసు ఇంచుమించు ఒకటే. మా అమ్మ తక్కువ మాటల మనిషి, రూతక్కకు మాటలకు కొదవ లేదు, అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది. అమ్మ ఎవరి ముందరైనా పకపకా నవ్వడం నేను ఆ ఇంట్లోనే విన్నాను.

నేను వచ్చిన నాలుగో ఏడు, ఉగాది పోయిన వారం అమ్మ వచ్చింది. నేను గదిలో కాన్పుల రిజిస్టరు నింపుకుంటున్నాను. అమ్మ గడప దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతూ, "పొట్ట ఎప్పుడూ బిగబట్టినట్లుంటాది సరోజా. రెండు ముద్దలు తినేసరికే గొంతుదాకా వచ్చినట్లయితాది" అంది.

నేను తల ఎత్తలేదు. "వాయువు లేమ్మా. పొద్దంతా కదలకుండా కూర్చుంటే ఇంకేమవుతుంది? మజ్జిగలో వాము వేసుకుని తాగు" అన్నాను. పోయేటప్పుడు ఒక సీసాలో జీర్ణానికి మిక్చరు కూడా పోసి ఇచ్చాను.

నేను నిర్లక్ష్యంగా అన్నానని ఎవరైనా అంటే ఆరోజు ఒప్పుకునేదాన్ని కాదు. ధర్మవరంలో మా వీధి వీధంతా నమ్మే సంగతి అది. రాట్నం ముందు ఏళ్ళతరబడి కూర్చున్న ఆడవాళ్ళకు వయసు మళ్ళేసరికి పొట్ట రావడం మామూలు, అది చేసే పనికి ఒంటిమీద పడే గుర్తు, దాన్ని పట్టించుకోనవసరం లేదు. మా అవ్వకు వచ్చింది, పెద్దమ్మకు వచ్చింది, ఇప్పుడు అమ్మకు వచ్చింది. పైగా అమ్మకు నెలసరి ఆగి రెండేళ్ళయింది, ఆ వయసులో ఒళ్ళు అటూ ఇటూ కావడం సహజమని నా పాఠాల్లో కూడా ఉంది. ఇంటి నమ్మకం, బడి చదువు రెండూ ఒకే మాట చెబుతుంటే ఇంక నాకు అనుమానం ఎందుకు వస్తుంది? అమ్మ "సరే" అని చిగురు చేటలో పోసుకుని లేచింది. ఆ తర్వాత ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి తగ్గిపోయిందనుకున్నాను.

శ్రావణమాసానికి ముందు, పండగకు కొత్త రవికె, పావడా కుట్టించుకుందామని అమ్మ మళ్ళీ వచ్చింది. నేను పనిలో ఉన్నాను, ఆమె నేరుగా రూతక్క దగ్గరికి పోయింది. మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు ప్రసూతి కేంద్రం వరండాలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళ మధ్య రూతక్క కూర్చుని కనిపించింది. పనిరోజు పట్టపగలు మిషను వదిలి ఆమె వీధిలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. చేతిలో ఒక దారం ఉంది.

"ఏమక్కా, ఎవరికైనా నొప్పులా?"

"మీయమ్మ ముడి జరిగిండాది" అంది.

నన్ను పక్కకు తీసుకుపోయి దారం చాచి చూపించింది. చేతి దగ్గర కొత్తముడి పాతముడికంటే బొటనవేలి వెడల్పు లోపలికి వచ్చింది. నడుము దగ్గర కొత్తముడి నాలుగు వేళ్ళ వెడల్పు బయటికి పోయింది. "మూడేండ్లు దాటినా ఈ దారానికి రెండో ముడి పడలేదు. ఈ పొద్దు ఒకేతూరి రెండు పడినాయి, ఒకటి ఇట్ల, ఒకటి అట్ల" అంది.

"ఒళ్ళు వచ్చి ఉంటుందక్కా."

"ఒళ్ళొచ్చే మనిషికి చేతులకు గూడా రావాల గదా. చేతులు ఎండిపోతాండాయి, పొట్టొక్కటే పెరుగుతాండాది. కడుపుతో ఉండేవాళ్ళను పక్కనబెడితే, ఇట్లాంటి దారం నాకు ఇన్నేండ్లలో ఒక్కటే వచ్చింది. రామగిరి నుంచి వచ్చే ఆమెది. రవికె కుట్టి పెట్టినా. తీసుకపోయేదానికి ఆమె రాలేదు, వాళ్ళ తమ్ముడు వచ్చి ఆమె లేదని చెప్పిపోయినాడు."

అయినా నా నోరు ఊరుకోలేదు. "వాయువక్కా. ఉగాదికే నేను చూశాను" అన్నాను.

"చూస్తివా? చేత్తో చూస్తివా, నోటితో చూస్తివా?"

వరండాలో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. నాకు ఆమెను అక్కడినుంచి పొమ్మనాలనిపించింది. రూతక్క గొంతు తగ్గించింది గానీ మాట తగ్గించలేదు. "గాలైతే వస్తాది, పోతాది. పొద్దన్న ఉంటే మాపటికి దిగుతాది. మీయమ్మకు మూడు నెల్లుగా దిగిందే లేదంట. రెండు ముద్దలకే చాలంట. ఒక కండె నిండేలోపల మూడుసార్లు ఒంటికి పోయేదానికి లేస్తాండాదంట. పొత్తికడుపులో బరువంట, నడుము లాగుతాండాదంట. ఇన్నీ కలిసి వచ్చినాయి, వచ్చినేటివి ఒక్కటీ పోలేదు. దినామూ ఉండాయి. ఇదేం వాయువు నర్సమ్మా?"

నేను పెట్టె కూడా తీసుకోకుండా ఆమె వెనక ఇంటికి నడిచాను.

అప్పటికి నా చేతుల కింద ఎన్నో కడుపులు కదిలాయి. బిడ్డ తల ఎటుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. నన్ను మోసిన కడుపు మీద మాత్రం నేను చెయ్యి పెట్టి చూడటం అదే మొదటిసారి. చాప మీద పడుకోబెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని మెల్లగా నొక్కాను. ఎడమవైపు, పొత్తికడుపులో, చిన్న కొబ్బరికాయంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఇంకొకసారి నొక్కాను. అది అక్కడే ఉంది. అమ్మ నా మొహంలోకి చూస్తోంది.

"ఏమన్నా ఉండాదా?"

"ఉందమ్మా."

"నువ్వు వాయువంటివే" అంది.

నిష్ఠూరంగా అనలేదు. ఇప్పటికైనా నేను వాయువంటే నమ్మి లేచి పోయేదానికి సిద్ధంగా ఉన్నట్లు అంది. నేను బయటికి వచ్చి, రూతక్క మిషను వెనక కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఏడ్చేది తర్వాత పెట్టుకో. ఇప్పుడు ఎవురి దగ్గరికి పోవాలో చెప్పు" అంది.

హిందూపురంలో ఒక లేడీ డాక్టరమ్మ ఉండేది, ఆవిడకు చూపించాలి. ఆ తర్వాత బెంగళూరులో ఆపరేషను కావచ్చు. ఇదంతా నాయనకు చెప్పడానికి నేను అమ్మతో ధర్మవరం పోయాను. నాయన ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. గడ్డకు కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని మా వీధిలో అందరూ నమ్మేవాళ్ళు, ఆయనా నమ్మాడు. "కదిరి నరసింహస్వామికి మొక్కుకుందాం, పథ్యం పెడదాం, ఏమీ కాదు" అంటూ మగ్గం గుంటలోనుంచి బయటికి రాకుండా నేస్తూ కూర్చున్నాడు. గర్భకోశమనీ, గడ్డ అనీ, నాకు తెలిసిన మాటలన్నీ రెండు రోజులు వాడాను. పేరు పెట్టేకొద్దీ ఆయన భయం పెరిగింది గానీ తగ్గలేదు. నేను పెనుకొండకు కబురు పెట్టాను.

మూడోరోజు పొద్దున రూతక్క రైలు దిగి మా ఇంటికి వచ్చింది. నీళ్ళు కూడా తాగకుండా మగ్గం గుంట అంచున గొంతుకూర్చుంది. కాసేపు ఆయన నేయడం చూసింది.

"అన్నా, పడుగులో ఒక పోగు తెగితే ఏం చేస్తావు?"

"మగ్గం నిలిపి అతుకుతా."

"ఒక్క పోగే గదా. నేసుకుంటా పోరాదా?"

"అట్ల పోతే ఇంగేమన్నా ఉండాదామ్మా? జానెడు నేసేలోపల చీరంతా సెడిపోతాది. తెగినబ్బుడే నిలపాల" అన్నాడు నాయన. అని ఆగాడు. పోగు నడిపే నాడెను చేతిలోనుంచి తీసి పక్కన పెట్టాడు. రూతక్క ఇంకొక మాట కలపలేదు. ఆమె ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చివరికి ఆయన గుంటలోనుంచి పైకి వచ్చి, "ఎప్పుడు పోవాల?" అని నన్ను అడిగాడు.

హిందూపురం డాక్టరమ్మ అమ్మను చాలాసేపు పరీక్ష చేసింది. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలుంటాయని, ఎడమవైపు దానిలో గడ్డ పెరిగిందని, అది మంచిదో చెడ్డదో కోసి తీస్తేగాని తెలియదని చెప్పింది. తర్వాత నావైపు తిరిగి, "ఇటువంటివాళ్ళు నా దగ్గరికి పొట్టనిండా నీరు చేరిన తర్వాత వస్తారు. ఇంత ముందుగా ఎవరు పట్టారు? నువ్వేనా?" అంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "కాదండీ. పెనుకొండలో ఒక దర్జీ" అన్నాను. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. రూతక్క ఏమేమి అడిగిందో, అమ్మ ఏమేమి చెప్పిందో అన్నీ నాచేత చెప్పించుకుంది. "ఈ జబ్బుకు నోరు లేదంటారు గానీ ఉంది. చిన్నగా మాట్లాడుతుంది, రోజూ అవే నాలుగు మాటలు. ఉబ్బరం, తినలేకపోవడం, పొత్తికడుపులోనో నడుములోనో నొప్పి, మాటిమాటికీ మూత్రం. అన్నీ వేరే కారణాలతోనూ వస్తాయి. కొత్తగా మొదలై, మానకుండా రెండు మూడు వారాలు దాటితే మాత్రం పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. ముఖ్యంగా నెలసరి ఆగినవాళ్ళకు" అంది. నా చదువులో లేని పాఠం అది. చిన్న కాగితం మీద రాసుకున్నాను.

బెంగళూరులో అమ్మకు ఆపరేషను చేసిన రోజు వరండాలో నేను, నాయన కూర్చున్నాం. చుట్టూ అంతా కన్నడం. నాయనకు ఆ భాష కొంచెం వచ్చు, కానీ ఆరోజు ఎవరేం అడిగినా నావైపు చెయ్యి చూపించాడు. సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చి, అది క్యాన్సరేనని చెప్పాడు. ఆ మాట మా వైపు అప్పట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నాయన గోడ పట్టుకున్నాడు. డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, గడ్డ పగలలేదు, ఆ ఒక్క చోటు దాటి ఎక్కడికీ పాకలేదు, మొత్తం తీసేశాము, బతుకుతుందనే నా నమ్మకం, కానీ పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి అన్నాడు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదని కూడా అన్నాడు. నేను ఉగాదినుంచి శ్రావణం దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అమ్మ బతికిందన్న సంతోషం, నేను పోగొట్టిన ఆ నెలల సిగ్గు రెండూ ఒకేసారి వచ్చాయి.

అమ్మ కోలుకుని ఇంటికి చేరాక, ఒక ఆదివారం చర్చినుంచి వచ్చిన రూతక్క దగ్గర కూర్చున్నాను. ఆ దారాల మహిమ గురించి ఏదో గొప్పగా మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపేసింది.

"దారానిదేముండాది? ముడి వేసేలోపలే నాకు తెలిసిపోయింది. మీయమ్మ చెప్తాంటే విన్నా, అంతే. కొలిచింది నీకు చూపించేదానికి. నా మాట అయితే నువ్వు నమ్ముతావా?"

నమ్మేదాన్ని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "మరి నాకు మళ్ళీ ఎందుకు చెప్పలేదు అమ్మ? ఒక్కసారి చెప్పి ఊరుకుంది" అన్నాను.

రూతక్క నావైపు జాలిగా చూసింది. ఆమె మొహంలో జాలి చూడటం ఎగతాళి చూడటంకంటే కష్టంగా ఉంది. "నేనూ అడిగితి. కూతురు సదువుకున్నాది, అది వాయువనింది, వాయువేలే అనింది. నీ మాట నమ్మి మూడు నెల్లు నోరు మూసుకున్నాది. ఊళ్ళో ఇంకెవురన్నా వాయువంటే మీయమ్మ ఇంకో మనిషిని అడిగేది నర్సమ్మా."

ఆ తర్వాత నేను పని చేసే తీరు మారింది. ఒక్కరోజులో మారిందని చెప్పను, పొగరు అంత సులువుగా పోదు. మొదట రిజిస్టరు మూసి అడగడం నేర్చుకున్నాను. ఎన్నాళ్ళుగా, రోజూ ఉందా, తగ్గి మళ్ళీ వస్తోందా, అన్నం ఎంత తింటున్నావు, ఒంటికి ఎన్నిసార్లు పోతున్నావు. నోటితో కాకుండా చేత్తో చూడటం నేర్చుకున్నాను. రూతక్క తనకు అనుమానం వచ్చిన ప్రతి మనిషినీ నా దగ్గరికి తరిమేది. వాళ్ళలో చాలామందికి నిజంగానే వాయువే. "నీ దారం ఈసారి తప్పు చెప్పిందక్కా" అని నేను ఆటపట్టిస్తే, "తప్పయితే మంచిదే గదా, నగుకుంటా ఇంటికి పోనీ" అనేది. ఒకామె విషయంలో ఇద్దరం ఎంత తొందరపడినా అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ వారమంతా పక్కింట్లో మిషను చప్పుడు వినపడలేదు.

అరవైలు అయిపోతుండగా నాకు హిందూపురానికి బదిలీ అయింది. రూతక్క కళ్ళు మసకబారేదాకా కుట్టి, ఆ తర్వాత కూడా చేతివేళ్ళతో ముడులు తడుముకుంటూ, పక్కింటి కోడళ్ళ మీద అరుస్తూ ఇంకా కొన్నేళ్ళు బతికింది. అమ్మ నాయనకంటే పదకొండేళ్ళు ఎక్కువ బతికింది. చివరిదాకా మజ్జిగలో వాము వేసుకునే తాగింది. ఎందుకమ్మా ఇంకా అంటే, "నువ్వు చెప్పిందే గదా" అనేది. ఆమె నవ్వేది గానీ నాకు నవ్వు వచ్చేది కాదు.

పెనుకొండ వదిలే ముందు సంవత్సరం జరిగిన ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. అప్పటికి నేను ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పి పంపడం అలవాటు చేసుకున్నాను: నేను చెప్పింది తప్పు కావచ్చు, తగ్గకపోతే మళ్ళీ వచ్చి చెప్పు. తలుపుల అనే ఊరినుంచి ఒక నడివయసు రైతుమనిషి పొట్ట ఉబ్బరంగా ఉందని వచ్చింది. చెయ్యి పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. మందిచ్చి, ఆ మాట చెప్పి పంపాను. రెండోసారి వచ్చింది, అప్పుడూ ఏమీ తగల్లేదు. మూడోసారి వచ్చినప్పుడు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. నేను ఎవరితోనో మాట్లాడుతూ చిరాగ్గా ఉన్నాను, నా మొహం ఎట్లా ఉందో ఏమో.

"మల్లా వచ్చినా నర్సమ్మా. కోపం చేసుకోవద్దు. నువ్వే చెప్పమంటివి" అంది.

లేచిపోయి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఈసారి కూడా నా చేతికేమీ సరిగా తగల్లేదు, అయినా మానకుండా ఉన్న ఆమె బాధను విని హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి ఆ వారమే పంపాను. చిన్న గడ్డ, కోసి తీశారు, ఆమె బతికింది. మరుసటి ఏడు కొత్త చెనిక్కాయలు మూటకట్టుకుని వచ్చి, నా బల్ల మీద పోసి వెళ్ళింది. అది నా ఉద్యోగంలో నేను చూసిన మంచిరోజుల్లో ఒకటి.

కానీ ఆమె గుమ్మంలో అన్న "కోపం చేసుకోవద్దు" నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ మాట మా అమ్మ నోట్లో కూడా ఉండి ఉంటుంది. శ్రావణానికి ముందు ధర్మవరంలో రైలెక్కేటప్పుడు ఉండి ఉంటుంది, పెనుకొండలో దిగి, నా మొహం ఎట్లా ఉంటుందో తలచుకుని మింగేసి రూతక్క ఇంటికి నడిచి ఉంటుంది. ఇప్పుడు నా దగ్గరికి మందుల కోసం ఎవరూ రారు. అయినా పాలు పోసే మనిషో, మెట్లు ఊడ్చే మనిషో, ఫోనులో మేనకోడలో, ఒంట్లో ఏదో బాగాలేదని నోరు తెరిస్తే, నేను ముందు నా మొహం సరిచేసుకుంటాను. ఆ తర్వాతే, ఎన్నాళ్ళుగా అని అడుగుతాను.